ఇంజిన్ దొరుకుతుంది, మూత దొరకదు: పాత ఆఫ్-రోడ్ బైకుల విడిభాగాల లెక్క

పాత ఆఫ్-రోడ్ బైక్ అమ్మేవాళ్ల నోట తరచూ వినపడే మాట ఒకటుంది: "ఇంజిన్ ఫ్రీగానే తిరుగుతోందండీ, చిన్నచిన్న పార్టులు మాత్రం లేవు, అంతే." కొనేవాళ్లకి ఇది ధైర్యం చెప్పే మాటలా వినిపిస్తుంది. ఇంజిన్ బాగుంటే ఇంకేం కావాలి, ఆ చిన్నవి ఎక్కడో ఓచోట దొరక్కపోతాయా అనుకుంటారు. కొన్ని నెలలు వెతికాక తెలుస్తుంది, లెక్క తలకిందులని. పట్టేసిన ఇంజిన్‌ని బాగుచేసుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత, కాలు కాలకుండా సైలెన్సర్ మీద వేసే చిల్లుల రేకు, హెడ్‌లైట్‌ని పట్టుకునే రెండు చెవులు లేకపోతే మాత్రం బండి ఏళ్ల తరబడి అలాగే నిలబడిపోతుంది.

బండి ఎంత పాతదైతే పార్టులు అంత కష్టం అనేది చాలామంది నమ్మకం. నిజానికి వయసుకీ దొరకడానికీ ఉన్న సంబంధం చాలా తక్కువ. 1969 బండికి ఈరోజు ఆర్డర్ పెడితే వచ్చేసే పార్టు, 1985 బండికి అసలు లేకపోవచ్చు. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ముందు ఈ బళ్లేమిటో చూడాలి.

## ఒకే పేరు కింద నాలుగు రకాల బళ్లు

ఆఫ్-రోడ్ అంటే తారు రోడ్డు కోసం కాకుండా మట్టిబాటలు, రాళ్లు, ఇసుక కోసం చేసిన బండి. చిన్న ఇంజిన్ అంటే మామూలుగా 50 సీసీ నుంచి 250 సీసీ దాకా. ఇందులో మొదటి రకం ట్రెయిల్ బైక్. హెడ్‌లైటు, ఇండికేటర్లు ఉంటాయి, రోడ్డు మీదా నడుస్తుంది, మట్టిలోనూ నడుస్తుంది. 1968లో వచ్చిన యమహా డీటీ-1 ఈ తరహా బళ్లకి పెద్ద ఊపు తెచ్చింది. 246 సీసీ, గాలితో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజిన్ దానిది. రెండో రకం మోటోక్రాస్ బైక్. పందెం కోసమే చేసింది కాబట్టి లైట్లు ఉండవు. 1973 హోండా సీఆర్250ఎం ఎల్సినోర్ దీనికి మంచి ఉదాహరణ. మూడోది ట్రయల్స్ బైక్. వేగంతో పనిలేదు, కాలు కింద పెట్టకుండా బండరాళ్ల మీదుగా ఎక్కించడమే పోటీ. స్పెయిన్‌కి చెందిన బుల్టాకో షెర్పా టీ మీద శామీ మిల్లర్ అనే రైడర్ 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే పోటీ గెలిచాక ఆ రంగంలో బరువైన ఫోర్-స్ట్రోక్ బళ్ల కాలం చెల్లింది. నాలుగోవి మినీలు: 1969 నుంచి వచ్చిన 72 సీసీ హోండా సీటీ70 లాంటివి.

వింటేజ్ అనే మాటకి ఒకే గీత లేదు. ఒక్కో క్లబ్బు ఒక్కో ఏడాది దగ్గర గీస్తుంది. మొత్తం మీద డ్రమ్ము బ్రేకులు, వెనక రెండు షాకబ్జార్బర్లు, గాలి చల్లదనం ఉన్న తరం అంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

రకం తెలిస్తే ఏం పోయి ఉంటుందో సగం తెలిసినట్టే. ట్రెయిల్ బైకు కొన్న కుర్రాళ్లు మొదట చేసిన పని లైట్లూ ఇండికేటర్లూ విప్పి పక్కన పడేయడం. కింద పడితే అవే ముందు పగులుతాయి, పైగా బరువు. మోటోక్రాస్ బళ్లలో ఇంజిన్లు అరిగిపోయే దాకా నడిచాయి, ఫ్రేములు విరిగి వెల్డింగులు పడ్డాయి. మినీలు పిల్లలవి కాబట్టి వానలో ఆరుబయట పడున్నాయి, ట్యాంకులు తుప్పుపట్టాయి.

## ఎన్‌ఓఎస్, రీప్రో, ఎన్‌ఎల్‌ఏ: ఈ మాటలకి అర్థం ఏమిటి

అమ్మకం ప్రకటనల్లో ఈ పొట్టి పేర్లు గందరగోళం చేస్తాయి. ఓఈఎం అంటే బండి కంపెనీ తన పేరుతో ఇచ్చిన పార్టు. అది పాతది కావచ్చు, కొత్తది కావచ్చు, వాడింది కూడా కావచ్చు. ఎన్‌ఓఎస్ అంటే ఆ రోజుల్లోనే తయారై, ఎవరూ వాడకుండా డబ్బాలో మిగిలిపోయిన పార్టు. రీప్రో అంటే పాతదాన్ని చూసి వేరేవాళ్లు ఇప్పుడు చేస్తున్నది. ఎన్‌ఎల్‌ఏ అంటే కంపెనీ ఇక ఇవ్వడం మానేసింది. దీని పక్కనే సూపర్‌సీడెడ్ అనే మాట కనిపిస్తుంది: పాత నంబరు రద్దయింది, దాని బదులు కొత్త నంబరు వచ్చింది. ఈ రెంటినీ ఒకటనుకుని వెతకడం ఆపేసేవాళ్లు ఎంతమందో. పాత నంబరు కొడితే "లేదు" అనే వస్తుంది, కొత్త నంబరుతో అదే పార్టు అరలో ఉంటుంది.

ఎన్‌ఓఎస్ అనగానే గొప్పది అనుకోవడం సహజమే. గేరు, ఇంజిన్ కవరు, స్పీడోమీటరు లాంటి లోహపు పార్టుల్లో అది నిజం కూడా. రబ్బరు సంగతి వేరు. 50 ఏళ్ల కిందటి ఆయిల్ సీలు డబ్బాలో భద్రంగా ఉన్నా దాని పెదవి గట్టిపడిపోయి ఉంటుంది. అలాంటి సీలు ఒకటి నేను వేలితో వంచి చూశాను. బయటికి నల్లగా, నిగనిగలాడుతూ, కంపెనీ ముద్రతో కొత్తదానిలా ఉంది. వంచగానే పెదవి అంచున వెంట్రుక మందం పగులు తెరుచుకుంది. అదే కొలతల్లో ఈమధ్య తయారైన మామూలు సీలు దానికంటే వెయ్యి రెట్లు నయం.

## పార్టు నంబరు చదవడం వస్తే సగం వెతుకులాట తగ్గుతుంది

పార్టు నంబరు ఏదో యాదృచ్ఛికంగా వేసిన అంకెల వరస కాదు, దానికో వ్యాకరణం ఉంది. హోండా పాత నంబర్లలో మొదటి ఐదంకెలు ఆ పార్టు చేసే పని, తర్వాతి మూడు మోడల్ సంకేతం, చివరివి మార్పులూ రంగులూ. 13101 అంటే స్టాండర్డ్ సైజు పిస్టన్. 098 అంటే సీటీ70. కాబట్టి 13101-098తో మొదలయ్యేది సీటీ70 కోసం గీసిన పిస్టన్. 13102 అంటే 0.25 మి.మీ. ఓవర్‌సైజు, అంటే మామూలు పిస్టన్ కంటే అంత పెద్దది, 13103 అంటే 0.50, అలా 13105 దగ్గర 1.00 మి.మీ. దాకా వెళ్తుంది.

యమహా దీన్ని తిరగేసింది. ముందు మోడల్ సంకేతం, తర్వాత పని. డీటీ-1 సంకేతం 214, పిస్టన్ సంకేతం 11631. రెండూ కలిపితే 214-11631. కవాసాకి పద్ధతిలో పని సంకేతం ముందే ఉంటుంది గానీ, రెండో ముక్క ఏ మోడలో చెప్పదు, అదొక వరస సంఖ్య. అందుకే కవాసాకి పార్టుని నంబరు చూసి ఊహించడం కుదరదు, పార్ట్స్ బుక్ తెరవాల్సిందే.

ఈ వ్యాకరణంలో బంగారం లాంటి విషయం ఒకటుంది. నంబరులోని మోడల్ సంకేతం, ఆ పార్టుని మొదట ఏ బండి కోసం గీశారో చెబుతుంది. మీ బండి పార్ట్స్ బుక్‌లో ఒక క్లచ్ ప్లేటుకి మీ మోడల్ సంకేతం కాకుండా వేరే సంకేతం ఉందనుకోండి. దానర్థం అది ఇంకో బండి నుంచి అరువు తెచ్చుకున్నది, కనీసం రెండు మోడళ్లలో వాడింది. దొరికే అవకాశం అంత పెరిగినట్టు. మీ మోడల్ సంకేతమే ఉన్న పార్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, అసలు కష్టం ఎంతుందో బండి కొనకముందే తెలుస్తుంది. సొంత సంకేతం ఉన్న పార్టుని తర్వాతి మోడళ్లు కూడా వాడుకుని ఉండొచ్చు కాబట్టి ఈ లెక్క పూర్తిగా కచ్చితం కాదు. అయినా అమ్మేవాళ్ల మాట కంటే నమ్మదగింది.

## ఒక పార్టు దొరకడాన్ని నిర్ణయించేవి ఏమిటి

మొదటిది, ఆ పార్టు బైకుల ప్రపంచానికే చెందిందా, అంతకంటే పెద్ద లోకానికి చెందిందా అన్నది. బేరింగునే తీసుకోండి. ఇంజిన్ లోంచి తీసిన బేరింగు అంచున 6204 సీ3 అని చెక్కి ఉంది. 6 అంటే ఒంటి వరస గుళ్ల బేరింగు, 2 అంటే దాని సైజు శ్రేణి. చివరి 04ని ఐదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం 20 మి.మీ. బయటి వ్యాసం 47, మందం 14 మి.మీ. అని ప్రమాణాల పట్టిక చెబుతుంది. సీ3 అంటే వేడికి వ్యాకోచించినా బిగుసుకుపోకుండా లోపల కాస్త ఎక్కువ సందు ఉంచినది. పంపులూ, మోటార్లూ, యంత్రాలూ ఎన్నో ఇదే బేరింగు వాడతాయి కాబట్టి బైకు కంపెనీ మూతపడ్డా బేరింగుకి లోటు రాదు. ఆయిల్ సీళ్లూ ఇంతే. 20×35×7 అని ఉంటే షాఫ్టు 20, బయటి వ్యాసం 35, మందం 7 మి.మీ. చెయిన్లు, స్పోకులు, టైర్లు, కేబుళ్ల తీగ కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఇక్కడా ఒక మెలిక ఉంది. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ బేరింగు బయటి రింగుకి కదలకుండా పిన్ను కోసం గాడి ఉంటుంది, కొన్ని సీళ్లకి కేసులో కూర్చునే ప్రత్యేకమైన గట్టు ఉంటుంది. కొలతలు సరిపోయినా అలాంటి చోట మామూలు పార్టు పనికిరాదు.

రెండోది, ఆ డిజైను ఎంతకాలం బతికింది అన్నది. కవాసాకి 1970ల మొదట్లో జీ5 అనే 100 సీసీ ట్రెయిల్ బైకు చేసింది. దాని వారసుడు కేఈ100 1976లో వచ్చి, పెద్ద మార్పుల్లేకుండా 2001 దాకా తయారైంది. కాబట్టి ముందుతరం బండి ఉన్నవాళ్లకి కూడా చాలా ఇంజిన్ పార్టులు పాతికేళ్లు అదనంగా వచ్చాయి. సీటీ70 ఇంకా అదృష్టవంతురాలు. దాని పడుకున్న సిలిండర్ ఇంజిన్ హోండా సూపర్ కబ్ వంశంలోది. ఆ వంశపు బళ్లు 2017 నాటికి 10 కోట్లు దాటాయి, వాటిని చూసి చేసిన నకళ్లు వేరే. 50 ఏళ్ల మినీ బైకుకి పిస్టన్లూ, కార్బొరేటర్లూ కుప్పలుగా ఉండడం వెనక కారణం ఇదే.

మూడోది జనం. జపాన్‌లో తయారైన హొడాకా బళ్లని అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని ఎథీనా అనే చిన్న ఊరి నుంచి అమ్మేవారు. 1978తో ఆ కథ ముగిసింది. బుల్టాకో 1983లో మూతపడింది. కంపెనీ పోయింది కాబట్టి ఇక దిక్కులేదు అనుకోవాలి కదా. జరిగింది వేరు. కంపెనీ లేదని తెలిసిన అభిమానులు మిగిలిన సరుకు కొని దాచారు, లేనివి చేయించుకున్నారు. ఎథీనాలో హొడాకా పేరుతో ఉత్సవాలు కూడా జరిగాయి. బుల్టాకోకి పిస్టన్ల నుంచి మడ్‌గార్డుల దాకా కొత్తగా చేసేవాళ్లున్నారు. మరోపక్క బతికున్న పెద్ద కంపెనీ, కొద్దికాలమే అమ్మి ఆపేసిన మోడల్ ఒకటుంటుంది. దాన్ని కంపెనీ పట్టించుకోదు, అభిమానుల గుంపు కూడా ఏర్పడి ఉండదు. అన్నింటికంటే కష్టమైన బండి అదే.

ఈ మూడూ చూశాక అమ్మేవాళ్ల "చిన్నచిన్న పార్టులు" ఎందుకు ప్రమాదమో అర్థమవుతుంది. అరిగిపోయే పార్టుకి గిరాకీ ఉంటుందని కంపెనీకి ముందే తెలుసు, కాబట్టి ఎక్కువ చేసి దుకాణాలకి పంపింది. పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేట్లు, పాయింట్లు (స్పార్క్ పుట్టించడానికి కరెంటుని తెంచే చిన్న స్విచ్చు) ఇప్పటికీ బయటపడుతుండడం అందుకే. అరగని పార్టుని, అంటే హెడ్‌లైట్ చెవినో ఫిల్టర్ మూతనో, ఎవరు కొంటారని విడిగా అన్ని చేస్తారు? అవి బళ్లతో పాటు వచ్చాయి. విప్పి పడేసినప్పుడు పోయాయి.

## టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో చిన్న రబ్బరు సీలు ఎందుకంత ముఖ్యం

ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో సీలు కారితే నేల మీద నూనె మరక పడుతుంది. టూ-స్ట్రోక్‌లో సీలు కారితే పిస్టన్ కరుగుతుంది. తేడా ఎక్కడంటే, ఈ ఇంజిన్‌లో క్రాంక్ తిరిగే గదే పంపు. పిస్టన్ పైకి వెళ్తుంటే పెట్రోలు, గాలి ఆ గదిలోకి పీల్చుకుంటుంది. కిందికి వస్తుంటే దాన్ని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. క్రాంక్ చివర సీలు గట్టిపడితే పీల్చుకునేటప్పుడు ఆ సందులోంచి కూడా గాలి వస్తుంది. కార్బొరేటర్ ఇచ్చిన పెట్రోలు అంతే ఉంటుంది, గాలి మాత్రం పెరుగుతుంది. మిశ్రమం పల్చబడుతుంది, మంట వేడెక్కుతుంది, పిస్టన్ వ్యాకోచించి సిలిండర్ గోడని పట్టేస్తుంది. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే బళ్లలో, గాలితో పోలిస్తే పెట్రోలు వాటా తగ్గితే చల్లదనమూ నూనే రెండూ తగ్గినట్టు.

ఏళ్ల తరబడి నిలబడ్డ బండి రెండు కిక్కులకే స్టార్ట్ అయిందని సంబరపడి, అలాగే నాలుగు కిలోమీటర్లు తిప్పి ఇంజిన్ పోగొట్టుకునే కథలన్నిటి వెనక ఉండేది ఇదే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇంజిన్‌కున్న దారులన్నీ మూసి, సుమారు 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, అది ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు. దీన్నే లీక్ టెస్ట్ అంటారు. సబ్బునీళ్లు పూస్తే బుడగ ఎక్కడ లేస్తుందో అక్కడే లోపం.

నూనె పాళ్ల దగ్గర కూడా ఓ చిక్కు ఉంది. పాత మాన్యువల్‌లో పెట్రోలుకీ ఆయిల్‌కీ 20:1 అని ఉంటే, 5 లీటర్ల పెట్రోలుకి 250 మి.లీ. ఆయిల్ అని అర్థం. ఇప్పటి ఆయిళ్లు మెరుగైనవి కాబట్టి 32:1 చాలనేవాళ్లున్నారు, అంటే సుమారు 156 మి.లీ. నూనె ఎక్కువ పోస్తే ఇంజిన్ భద్రం అనిపిస్తుంది. కానీ కార్బొరేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే జెట్ అనే అదే సన్నని రంధ్రంలోంచి వచ్చే ద్రవంలో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, మిశ్రమం కొంచెం పల్చబడుతుంది. అందుకే పాళ్లు మార్చినవాళ్లు జెట్ కూడా సరిచూసుకుంటారు.

## రీబోర్ లెక్క: పిస్టన్ ముందా, లేత్ పని ముందా

రీబోర్ అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కాస్త పెద్దగా కోయించి, దానికి సరిపడే ఓవర్‌సైజు పిస్టన్ వేయడం. కేఈ100 సిలిండర్ వ్యాసం 49.5 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 51.8 మి.మీ. ఇలాంటి సిలిండర్ ఒకటి బల్ల మీద ఉందనుకుందాం. పైభాగాన కొలిస్తే 49.61, కింద 49.53. అంటే 0.11 మి.మీ. అరిగింది. 0.25 ఓవర్‌సైజుతో, అంటే 49.75కి కోయిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ అరిగిన చోటే ఒక పక్కన 0.10 మి.మీ. లోతు గీత ఉంది. బోరింగ్ మధ్యనుంచి గుండ్రంగా జరుగుతుంది, ఒక పక్క గీత పోవాలంటే రెండో పక్క కూడా అంతే కోయాలి. 49.61కి రెండు పక్కలా 0.10 కలిపితే 49.81. అది 49.75ని దాటేసింది. కాబట్టి 0.25 పిస్టన్ పనికిరాదు, 0.50కి, అంటే 50.00 మి.మీ.కి వెళ్లాలి.

మరి 0.50 పిస్టన్ ఎక్కడా దొరక్క, 1.00 మాత్రమే ఉంటే? 50.50కి కోయించవచ్చు. ఘనపరిమాణం 99.7 సీసీ నుంచి 103.8 సీసీ అవుతుంది, నడకలో పెద్ద తేడా ఉండదు. అయితే ఆ సిలిండర్‌కి ఇక తర్వాతి సైజు లేదు. ఇంకోసారి పాడైతే కొత్త లైనర్ (సిలిండర్ లోపలి గోడగా ఉండే లోహపు గొట్టం) దించాల్సిందే. ఇలా పార్టు దొరకడం అన్నది లోహం ఎంత కోయాలో కూడా నిర్ణయిస్తుంది. ముందు సిలిండర్ కోయించేసి తర్వాత పిస్టన్ వెతుక్కోవడం మొదలుపెడితే, లేని సైజు కోసం తిరుగుతూ ఉండాలి.

పిస్టన్ చేతికొచ్చాకే కోయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు పోత పోసిన పిస్టన్‌కి ఇలాంటి చిన్న ఇంజిన్లలో సుమారు 0.04 నుంచి 0.05 మి.మీ. సుత్తిపోటుతో చేసిన ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, దానికి ఇంకా సందు కావాలి. తయారీదారు కాగితంలో ఉన్నది ఒక అంకె, పాత మాన్యువల్‌లో ఉన్నది ఇంకొకటి. పాత అంకెకి కోయించి కొత్తరకం పిస్టన్ వేస్తే మొదటి ఎత్తు ఎక్కేలోపే పట్టేస్తుంది. గోడకి క్రోము లాంటి గట్టి పూత ఉన్న సిలిండర్లయితే మామూలుగా కోసి ఓవర్‌సైజు వేసే దారే లేదు. పూత మళ్లీ వేయించాలి, లేదా లైనర్ దించాలి.

## తల అరిగిన స్క్రూలు: తప్పు తుప్పుది కాదు

జపాన్ బళ్ల ఇంజిన్ కవర్లకి ప్లస్ గుర్తు స్క్రూలుంటాయి. పాత బండి ఏది చూసినా వాటి తలలు చితికిపోయి, ఉలితో కొట్టిన గాట్లతో కనిపిస్తాయి. తుప్పు వల్ల అనుకుంటారు. చాలావరకు కారణం స్క్రూడ్రైవర్. అవి ఫిలిప్స్ స్క్రూలు కావు, జేఐఎస్ అనే జపాన్ ప్రమాణానికి చేసినవి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద గాడి పక్కన చిన్న చుక్క ఉంటుంది. ఫిలిప్స్ డ్రైవర్ ఆ గాడి అడుగు దాకా దిగదు, తిప్పగానే పైకి ఎగదన్ని అంచులు చెక్కేస్తుంది. సరైన మొన పెట్టి, ఇంపాక్ట్ డ్రైవర్ వెనక సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే, 50 ఏళ్లుగా కదలని స్క్రూ 'టక్' మని వదిలేసే ఆ శబ్దం, ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

## కొత్త ఇగ్నిషనా, పాత పాయింట్లా

ఈ బళ్లలో చాలావాటికి 6 వోల్టుల కరెంటు, మాగ్నెట్ కింద పాయింట్లు. పాయింట్ల సందు కొద్దిగా మారినా స్పార్క్ పడే సమయం మారుతుంది. పాయింట్లతో పాటు ఉండే చిన్న విద్యుత్ భాగం కండెన్సర్ వయసుతో చచ్చిపోతుంది, వేడెక్కాక బండి ఆగిపోయి చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే అనుమానం ముందు దాని మీదా, కాయిల్ మీదా పడుతుంది.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసేయమనేవాళ్ల వాదన బలమైనదే: సర్దుబాటు ఉండదు, స్పార్క్ గట్టిగా ఉంటుంది, 12 వోల్టుల లైటు కూడా వస్తుంది. పాయింట్లే ఉంచమనేవాళ్ల వాదనా అంతే బలమైనది: దారి మధ్యలో ఎలక్ట్రానిక్ పెట్టె చచ్చిపోతే చేసేదేమీ లేదు, పాయింట్లయితే ఒక గరుకు కాగితం ముక్కతో గీసి ఇంటికి చేరొచ్చు. పైగా కిట్టు చేసిన చిన్న కంపెనీ రేపు ఉండకపోతే, ఎన్‌ఎల్‌ఏ సమస్య మళ్లీ మొదటికొస్తుంది. పాత ప్లేటుని పారేయకుండా దాచిపెట్టుకునేవాళ్లు ఈ రెండు వాదనలకీ సమాధానం చెప్పినట్టే.

## ట్యాంకులో తుప్పు, పెట్రోలులో ఇథనాల్

ట్యాంకు తుప్పుని ఆమ్లంతోనో, నీళ్లలో కరెంటు పంపించే ఎలక్ట్రోలిసిస్‌తోనో పోగొడతారు. తుప్పు పోయిన ఇనుము గాలి తగిలిన కొన్ని నిమిషాల్లోనే మళ్లీ నారింజ రంగుకి తిరగడం మొదలుపెడుతుంది, కాబట్టి ఆరబెట్టడంలోనే పనితనం ఉంది. ఆ తర్వాత లోపల రెసిన్ పూత వేయాలా వద్దా అన్నది ఎప్పటికీ తెగని చర్చ. చిల్లులు పడ్డ ట్యాంకుకి పూత ప్రాణం పోస్తుంది. సరిగ్గా శుభ్రం చేయని గోడ మీద వేస్తే కొన్నేళ్లకి పెచ్చులుగా లేచి పెట్రోలు పైపులో ఇరుక్కుంటుంది, దాన్ని వదిలించడం తుప్పు వదిలించడం కంటే కష్టం. గోడలు గట్టిగా ఉన్న ట్యాంకుకి పూత లేకుండా, పెట్రోలు నిండుగా ఉంచడమే మేలని నాకు తోస్తుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరుని మెత్తబరుస్తుంది. స్పెయిన్ బళ్లలో కొన్నిటికి ఫైబర్‌గ్లాస్ ట్యాంకులుంటాయి. ఇథనాల్ ఆ రెసిన్‌ని కరిగించి, జిగురులా కార్బొరేటర్‌లోకి దించుతుంది. అలాంటి ట్యాంకు ఉన్నవాళ్లు ఇథనాల్‌ని తట్టుకునే పూతకైనా వెళ్లాలి, లేదా వేరే ట్యాంకు పెట్టుకుని అసలుదాన్ని గోడకి తగిలించుకోవాలి.

## కొత్తదానిలా చేయడమా, ఉన్నదాన్ని కాపాడడమా

రీస్టోర్ చేయడం అంటే షోరూమ్ నుంచి వచ్చిన రోజులా చేయడం అని ఒక వర్గం అంటుంది. రంగు కొత్తది, క్రోము కొత్తది, స్టిక్కర్లు కొత్తవి. అసలు రంగు గీతలతో సహా ఉండాలి, మెకానిక్ పని మాత్రం చేసి వదిలేయాలి అని ఇంకో వర్గం. మొదటివాళ్లు చెప్పేది: తుప్పు ఆగదు, ఇప్పుడు చేయకపోతే రేపు చేయడానికి ఫ్రేమే ఉండదు. రెండోవాళ్లు చెప్పేది: ఫ్యాక్టరీ వేసిన రంగుని ఒకసారి గీకేస్తే ఇక తిరిగి రాదు, ఆ రోజుల్లో ఏ నట్టుకి ఏ పూత ఉండేదో చెప్పే సాక్ష్యం కూడా దాంతోనే పోతుంది. మడ్‌గార్డు వంకరపోయి, ముగ్గురి చేతులు మారి, మూడు రంగులు పడ్డ బండికి రెండో వాదన వర్తించదు. ఒకే చేతిలో ఉండి, అసలు రంగు చాలావరకు మిగిలిన బండికి మొదటిది తొందరపాటే.

నడపడానికే చేసుకునేవాళ్లది మూడో దారి. మెరుగైన షాకబ్జార్బర్లు, కొత్త కార్బొరేటర్, గట్టి బ్రేకు లైనింగు వేసుకుంటారు. పాత బ్రేకు లైనింగుల్లో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి, డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదకుండా తడిపి తుడవాలన్నది మాత్రం ఏ దారివాళ్లకైనా ఒకటే.

ఫ్రేము నంబరు, ఇంజిన్ నంబరు సంగతి కూడా ఇక్కడే తేలాలి. మోటోక్రాస్ బళ్లలో ఇంజిన్లు మార్చడం పరిపాటి కాబట్టి రెండు నంబర్లూ ఆ మోడల్‌వేనా అన్నది ముందే చూసుకుంటారు. రంగు వేసేటప్పుడు నంబరున్న చోటు గీకితే, తర్వాత అది అసలుదేనని నిరూపించడం కష్టమవుతుంది.

## రెండు బళ్లని ఒకటిగా చేయడం

లేని పార్టులు ఒక్కొక్కటిగా కొనడం మొదలుపెడితే, వాటి మొత్తం బండి విలువని ఎప్పుడో దాటేస్తుంది. అందుకే చాలామంది చివరికి అదే మోడల్ రెండో బండి కొంటారు. ఒకదానికి ఇంజిన్ బాగుంటుంది, ఇంకోదానికి లైట్లూ ఫిల్టర్ డబ్బా ఉంటాయి. బండిని ముక్కలు చేయడం అన్యాయం, ఇలాగే పోతే మిగిలేవి ఎన్ని అని అడిగేవాళ్లున్నారు. రెండు నిలబడ్డ బళ్ల కంటే ఒక నడిచే బండి మేలు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఫ్రేము నిటారుగా, కాగితాలతో ఉన్న బండిని విప్పడం నాకు మనసొప్పదు. మెడ దగ్గర విరిగి రెండుసార్లు వెల్డింగు పడ్డ ఫ్రేము విషయంలో అభ్యంతరం ఉండనక్కర్లేదు.

అలా విప్పాక మిగిలినవి ఎవరూ పారేయరు. ఒక్కో షెడ్డులో అట్టపెట్టె నిండా బ్రాకెట్లు, రబ్బరు ముక్కలు, ఏ మోడల్‌వో రాయని రేకులు పడుంటాయి. ఎవరో ఆరు నెలలుగా వెతుకుతున్న ఫిల్టర్ మూత వాటి అడుగునే ఉంటుంది. పార్టు నంబరు రాసిన ఒక చిన్న చీటీ దానికి కట్టి ఉంటే, అడిగిన రోజే దొరుకుతుంది.